నా .22 పిస్టల్ ఎందుకు ఆగిపోయేదంటే: నా అనుభవం

పిస్టల్ జామ్ అవుతోందని ఎవరైనా వచ్చి చెబితే మా కోచ్ సర్ అడిగేది ఒక్కటే: "ఎక్కడ ఆగింది?" చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఆగిన మరుక్షణం చెయ్యి దానంతటదే బోల్ట్ (తూటా వెనక ముందుకీ వెనక్కీ కదిలే లోహపు దిమ్మ) మీదికి పోతుంది. రెండుసార్లు లాగి వదులుతాం, ఇరుక్కున్నది ఊడి పడుతుంది, మళ్ళీ కాల్చడం మొదలుపెడతాం. ఊడిపడిన తూటా వెళ్ళి నేలమీది ఖాళీ కేసుల (తూటా పేలాక మిగిలే ఇత్తడి తొడుగుల) గుట్టలో కలుస్తుంది. ఏం జరిగిందో చెప్పగలిగింది అదొక్కటే, అదీ పోయింది.

నేను హైదరాబాద్‌లో 25 మీటర్ల స్పోర్ట్ పిస్టల్ ప్రాక్టీస్ చేస్తాను. నా పిస్టల్ యూరప్‌లో తయారైన .22 (0.22 అంగుళాల కాలిబర్) సెమీ ఆటోమేటిక్, కొత్తది కాదు. ఒక సీనియర్ షూటర్ ఆట మానేస్తుంటే అనుమతులన్నీ తెచ్చుకుని నా లైసెన్సు మీదికి మార్పించుకున్నాను. దానితోపాటు ఐదేసి తూటాలు పట్టే మ్యాగజైన్లు నాలుగు వచ్చాయి. పోటీలో నిదానంగా కాల్చే ప్రిసిషన్ భాగంలో ఐదు షాట్లకి ఐదు నిమిషాలు ఉంటాయి కాబట్టి అప్పుడప్పుడు ఆగినా పెద్దగా పట్టించుకునేదాన్ని కాదు. వేగంగా కాల్చే రాపిడ్ భాగం అలా కాదు. టార్గెట్ మూడు సెకన్లు కనిపిస్తుంది, ఏడు సెకన్లు పోతుంది, మళ్ళీ మూడు సెకన్లు. అలా ఐదుసార్లు, ఒక్కోసారికి ఒక్కో షాట్. మూడో షాట్ దగ్గర పిస్టల్ ఆగితే మిగతా రెండూ చేతులారా వదిలేసుకున్నట్టే. ఆ టెన్షన్ తర్వాతి సిరీస్‌కి కూడా వెంటవస్తుంది. 2021లో టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించడం, విలువైన నిమిషాలు పోయి ఆమె 575 పాయింట్లతో 12వ స్థానంలో ఆగిపోవడం గుర్తుండే ఉంటుంది. అది ఎయిర్ పిస్టల్, ఈ రకం జామ్ కాదు. కానీ ఆ రోజు తర్వాతే మా రేంజ్‌లో చాలామంది పరికరం సంగతి సీరియస్‌గా తీసుకున్నారు.

సలహాలకైతే కొదవే లేదు. ఒకరు ఆయిల్ ఎక్కువ వెయ్యమన్నారు, ఒకరు అసలు వెయ్యొద్దన్నారు. ఒకరు తూటాల బ్రాండ్ మార్చమన్నారు. ఇంకొకరు స్ప్రింగ్ గట్టిది వేయించమన్నారు, ఫీడ్ ర్యాంప్‌ని (తూటాని బ్యారెల్‌లోకి ఎక్కించే వాలుని) అద్దంలా పాలిష్ చేయించమన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఒక్కో సలహా వెనకా ఎవరిదో ఒక పిస్టల్ బాగుపడిన కథ ఉంటుంది. అది నా పిస్టల్ కథేనా అన్నదే తేలదు.

ముందు ఈ పిస్టల్ పనిచేసే తీరు చెబుతాను, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. .22 స్పోర్ట్ పిస్టళ్ళలో బోల్ట్‌ని బ్యారెల్‌తో బిగించి ఉంచే లాక్ ఉండదు. తూటాలోని మందు కాలిన ఒత్తిడి బుల్లెట్‌ని ముందుకి తోస్తూనే ఖాళీ కేసుని వెనక్కి నెడుతుంది, ఆ కేసు బోల్ట్‌ని నెడుతుంది. బోల్ట్‌ని నిలవరించేవి దాని బరువు, దాని స్ప్రింగ్, అంతే. వెనక్కి వస్తున్నంతసేపూ కేసు జారిపోకుండా ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న కొక్కెం దాని అంచుని బోల్ట్‌కి ఆనించి పట్టుకుంటుంది. ఎజెక్టర్ అనే మొన దగ్గరికి రాగానే కేసు దానికి కొట్టుకుని పిస్టల్ పక్కనున్న కిటికీలోంచి పక్కకి ఎగిరిపోతుంది. తిరిగి ముందుకెళ్ళేటప్పుడు బోల్ట్ మ్యాగజైన్‌లోని పై తూటాని తోసుకెళ్ళి చాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక చివర తూటా ఉండే గూటిలో, కూర్చోబెడుతుంది. ఇందులో ఏ ఒక్క దశ తప్పినా బయటి నుంచి చూసేవాళ్ళకి అది 'జామ్'.

కోచ్ సర్ చెప్పిన పద్ధతి ఇది. పిస్టల్ ఆగితే గొట్టం టార్గెట్ వైపే ఉంచాలి, వేలు ట్రిగ్గర్ మీంచి తీసెయ్యాలి. క్లిక్ మని ఊరుకుంటే కనీసం అరనిమిషం అలాగే పట్టుకుని ఆగాలి, ఒక్కోసారి మందు ఆలస్యంగా అంటుకుంటుంది. చప్పుడు మామూలుగా కాకుండా నీరసంగా వస్తే ఇంకో తూటా కాల్చనే కూడదు. ముందుది బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. ఇవన్నీ అయ్యాక, బోల్ట్ లాగే ముందు, వంగి కిటికీలోకి చూడాలి. లోపల ఉన్నది నిండు తూటానా, ఖాళీ కేసా? బుల్లెట్ ముక్కు ఎటు తిరిగి ఉంది? బోల్ట్ ఎంత మూసుకుంది? నేను ఇవి ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను. మ్యాగజైన్లకి నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టాను, ఒక చుక్క నుంచి నాలుగు చుక్కల దాకా. ఆగిన ప్రతిసారీ ఏ మ్యాగజైన్, ఎన్నో తూటా, ఏ బాక్స్, ఎలా ఆగింది అని నాలుగు ముక్కలు. ఇరుక్కున్న తూటానీ కేసునీ జిప్ కవర్లో వేసుకునేదాన్ని. పక్క లేన్ వాళ్ళు నవ్వారు, నవ్వనీ అనుకున్నాను. కొన్ని వారాలకి నోట్‌బుక్ తిరగేస్తే నాకున్నది ఒక జబ్బు కాదని, ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడని తెలిసింది.

అన్నిటికన్నా త్వరగా దొరికింది మూడు చుక్కల మ్యాగజైన్. బుల్లెట్ ముక్కు ర్యాంప్ కింది భాగానికి గుద్దుకుని, తూటా ఏటవాలుగా ఆగిపోవడం దాదాపు ఎప్పుడూ ఆ మ్యాగజైన్‌తోనే జరిగింది. కవర్లో దాచిన తూటాల ముక్కుల మీద ఒకే చోట చిన్న చదును నొక్కు ఉంది. .22 బుల్లెట్ మెత్తటి సీసం, దేనికి తగిలినా గుర్తు దిగిపోతుంది. వెర్నియర్‌తో కొలిస్తే ఆ మ్యాగజైన్ పెదవుల (పై తూటాని పట్టి ఉంచే రెండు రేకు అంచుల) మధ్య దూరం మిగతా మూడింటికన్నా కొంచెం ఎక్కువ. ఎప్పుడో కిందపడి ఉంటుంది. పెదవులు విచ్చుకుంటే తూటా వెనక భాగం ఉండాల్సినదానికన్నా ముందే వదులైపోతుంది, ముక్కు ఎటుపోవాలో దారి తప్పుతుంది. అయినా నమ్మకం కుదరక, అదే మోడల్ పిస్టల్ ఉన్న ఒక అక్కని అడిగి మార్చి చూశాం. ఆమె మ్యాగజైన్ నా పిస్టల్‌లో చక్కగా నడిచింది, నా మూడు చుక్కలది ఆమె పిస్టల్‌ని కూడా ఆపింది. ఆ ఒక్క మార్పిడి తర్వాత ర్యాంప్ పాలిష్ గురించి నాతో ఎవరూ మాట్లాడలేదు.

మ్యాగజైన్ గురించే ఇంకో మాట. .22 తూటాకి వెనక అంచు కేసుకన్నా వెడల్పు. నిలువుగా పేర్చినప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు ఉండాలి. వెనకపడిందంటే బోల్ట్ తోసేటప్పుడు పైది కిందిదాన్ని పట్టుకుని లాగుతుంది. హడావిడిగా నింపితే ఇది తేలిగ్గా జరుగుతుంది. ఇప్పుడు ఒక్కోటి పెట్టి బొటనవేలితో వెనక్కి సర్దుకుని, మ్యాగజైన్ పక్కనున్న కంతలోంచి వరుస చూసుకున్నాకే మ్యాగజైన్ ఎక్కిస్తున్నాను.

రెండోది చాలా కాలం తిప్పలు పెట్టింది. బోల్ట్ ముందుకొస్తుంది కానీ పూర్తిగా మూసుకోదు, వెంట్రుకవాసి తెరుచుకుని ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే ఏమీ కాదు, లేదా తూటా వెనక అంచు మీద నీరసమైన పిన్ (తూటాని పేల్చే సూది) గుర్తు పడుతుంది. ఇది అన్ని మ్యాగజైన్లతోనూ జరిగేది, సెషన్ సగం దాటాక ఎక్కువయ్యేది. అలా ఎక్కువవడం చూసి మురికే అనుకున్నాం, కొంతవరకు నిజమే కూడా. సీసం బుల్లెట్‌కి పూసిన మైనం, కాలీ కాలని మందు కలిసి చాంబర్‌లో కేసు మూతి ఆనే చోట ఒక వలయంలా గడ్డకడతాయి. ఇత్తడి బ్రష్ తిప్పితే దీపపు సెమ్మె అడుగున పేరుకున్న నల్ల జిడ్డులాంటిది బయటికొచ్చింది. ఆయిల్ ఎక్కువ వెయ్యమన్న సలహా పాటించినన్నాళ్ళూ ఈ జిడ్డు మరింత తొందరగా తయారయ్యేది. మన ఎండాకాలం దుమ్ముకి ఆయిల్ తోడైతే చెప్పేదేముంది. ఇప్పుడు బోల్ట్ రాసుకునే చోట్ల ఒక్కో చుక్క వేసి, గుడ్డతో తుడిచినంత తుడిచి వదిలేస్తాను. చాంబర్‌లో ఆయిల్ చుక్క కూడా ఉంచను.

శుభ్రం చేసిన రోజు బాగుండేది, మర్నాడు మళ్ళీ మొదలు. మిగతావాళ్ళ పిస్టళ్ళు అంతే మురికితో ఇంకా ఎక్కువసేపు నడుస్తుంటే నాది ఎందుకు ఆగుతోంది? ఇంట్లో ఖాళీ కేసులన్నీ తెల్ల కాగితం మీద పరిచి లైటు కింద చూశాను. ప్రతి కేసు పక్కన నిలువుగా ఒక సన్నటి మెరుపు గీత ఉంది. కేసు గుండ్రంగా ఉంటుంది కాబట్టి గీత ఏ వైపు పడిందో మామూలుగా అయితే చెప్పలేం. కానీ రిమ్‌ఫైర్ (అంచు మీద పిన్ కొడితే పేలే రకం) కేసు అంచు మీద పిన్ గుర్తు ఉంటుంది కదా, దాన్నే పైభాగం అనుకుని అన్నిటినీ ఒకే వైపుకి తిప్పి పెట్టాను. అన్ని గీతలూ పిన్ గుర్తు కింది నుంచే మొదలవుతున్నాయి. ఒక్కటి కూడా పక్కకి పోలేదు.

అంటే చాంబర్ మూతి దగ్గర, పిన్ వచ్చి తగిలే చోట, ఏదో పైకి లేచి ఉంది. తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కి డ్రై ప్రాక్టీస్ చేస్తే కొన్ని .22 పిస్టళ్ళలో పిన్ నేరుగా చాంబర్ అంచుకి తగులుతుంది. వందలసార్లు తగిలితే అక్కడ లోహం నొక్కుకుపోయి లోపలివైపుకి చిన్న మొటిమలా లేస్తుంది. లోపలికెళ్ళే ప్రతి తూటా దానికి రాసుకోవాల్సిందే. చాంబర్ శుభ్రంగా ఉన్నప్పుడు బోల్ట్ తోపుకి ఎలాగో దూరిపోతుంది. మురికి తోడైతే ఆ చివరి వెంట్రుకవాసి దగ్గర ఆగిపోతుంది. ఎవరి చేతిలో జరిగిందో ఇప్పుడు చెప్పలేం, పిస్టల్ వయసు చిన్నది కాదు.

ఇది ఇంట్లో ఆకురాయితో రుద్దే పని కాదు. శుభ్రం చేసుకోవడం వేరు, రిపేరు వేరు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకుల రిపేరు పనికి కూడా లైసెన్సు ఉండాలి. పిస్టల్, లైసెన్సు, ఖాళీ కేసుల కవరు తీసుకుని లైసెన్సున్న ఒక ఆర్మరర్ దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన. కంటికి భూతద్దం పెట్టుకుని ముందు కేసులే చూశారు, పిస్టల్ తర్వాతే తీశారు.

"గీతలన్నీ పిన్ను గుర్తు పక్కనే ఉన్నయి చూసినవామ్మా?"

"చూశానండీ. అందుకే తెచ్చాను."

"మంచిగ చేసినవ్. చానామంది పిస్టల్ తెస్తరు, ఇవి తేరు."

చాంబర్ కొలతకి సరిపోయేలా చేసిన గట్టి ఉక్కు కడ్డీ ఒకటి తీసి, లేచిన లోహాన్ని తిరిగి దాని చోటికే నొక్కారు. రాయడం, కొయ్యడం ఏమీ లేదు. ర్యాంప్ సంగతి ఊరికే అడిగి చూశాను. "అది నేను ముట్ట. కంపెనీ పెట్టిన వాలు అది. రుద్ది తీసినంక మల్ల పెట్టనీకి రాదు," అన్నారు. ఆయన వద్దన్నదానికి వేరేచోట డబ్బులు తీసుకుని రుద్దేవాళ్ళు ఉంటారని కూడా ఆయనే చెప్పారు. పని అయ్యాక తూటా ఒకటి చేత్తో చాంబర్‌లోకి నెట్టి చూపించారు. మ్యాచ్ పిస్టళ్ళ చాంబర్ కొంచెం బిగువుగానే ఉంటుంది, తూటా దానంతటదే జారిపడదు. బొటనవేలి ఒత్తిడికి సాఫీగా కూర్చుంటే చాలు. అంతకుముందు అదే తూటా చివర్లో గరగరమనేది.

మూడోది ఎజెక్షన్. ఖాళీ కేసు బయటికి ఎగరకుండా కిటికీలో నిటారుగా నిలబడి, బోల్ట్ దాన్ని నొక్కి పట్టుకునేది. దీన్ని చూస్తే అందరూ ముందు మణికట్టునే అనుమానిస్తారు. చెయ్యి వదులుగా ఉంటే పిస్టల్ మొత్తం వెనక్కి ఊగి, బోల్ట్ పూర్తి దూరం పోకుండానే తిరిగొస్తుంది. ఆడవాళ్ళ చేతిలో ఆగితే ఈ మాట ఇంకాస్త తొందరగా వస్తుంది. కోచ్ సర్ వాదించలేదు, పిస్టల్ తీసుకుని తనే కాల్చారు. ఆయన చేతిలోనూ కేసు నిలబడింది. మణికట్టు మాట అక్కడితో పోయింది.

ఇక్కడ అసలు క్లూ ఇచ్చింది సేఫ్టీ ఫ్లాగ్. ప్రాక్టీస్ మధ్యలో అన్‌లోడ్ చెయ్యమంటే మ్యాగజైన్ తీసి, బోల్ట్ లాగి, బ్యారెల్‌లోకి ఆ రంగు తాడు దూర్చడం అలవాటు. ఒకరోజు తాడు పోలేదు. చూస్తే చాంబర్‌లో నిండు తూటా అలాగే కూర్చుని ఉంది, బోల్ట్ ఒట్టి చేతులతో వెనక్కి వచ్చింది. మ్యాగజైన్ తీశాం, బోల్ట్ లాగాం, కాబట్టి ఖాళీ అనుకునే అలవాటు ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. కంటితో చాంబర్ చూడనిదే పిస్టల్ ఖాళీ కాదు. జబ్బు పేరు కూడా ఆ తూటాయే చెప్పింది. పేలిన కేసుని ఒత్తిడే వెనక్కి నెడుతుంది కాబట్టి ఎక్స్‌ట్రాక్టర్ బలహీనంగా ఉన్నా చాలాసార్లు కేసు బయటికి వచ్చేస్తుంది, ఎప్పుడో ఒకసారి పట్టు జారి కిటికీలో నిలబడుతుంది. పేలని తూటాని వెనక్కి తెచ్చే ఒత్తిడి ఏదీ లేదు, దాన్ని కొక్కెమే లాగాలి. అందుకని నిండు తూటా చాంబర్‌లో ఉండిపోతోందంటే చూడాల్సింది ముందు ఎక్స్‌ట్రాక్టర్.

ఊడదీయిస్తే కొక్కెం వెనక మసి గట్టిగా దట్టించి ఉంది, కొక్కెం లోపలికి పూర్తిగా దిగడం లేదు. దాని చిన్న స్ప్రింగ్ కూడా నీరసించింది. మసి తీసి ఒక్క సెషన్ నడిపాం, చాలా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. స్ప్రింగ్ మార్చాక పోయింది. ఆ గింజంత స్ప్రింగ్ విదేశం నుంచి రావడానికి పట్టిన కాలం గురించి మాట్లాడకపోవడమే మంచిది.

గట్టి రికాయిల్ స్ప్రింగ్ (బోల్ట్‌ని నిలవరించేది) వేసుకోమన్న సలహా ఇక్కడే బెడిసికొట్టేది. స్ప్రింగ్ గట్టిదైతే బోల్ట్ ఇంకా తక్కువ దూరం వెనక్కి వస్తుంది, కేసులు ఇంకా ఎక్కువ నిలబడతాయి. హై వెలాసిటీ తూటాలు వాడమన్నవాళ్ళూ ఉన్నారు. నిజమే, వాటితో కేసులు ఎగిరిపోయేవి. మామూలు స్టాండర్డ్ వెలాసిటీ తూటా సెకనుకి సుమారు 325 మీటర్ల వేగంతో పోతుంది, హై వెలాసిటీది 375 దాకా. ఈ పిస్టళ్ళు మొదటిదానికి తగ్గట్టు తయారైనవి. రెండోది కొన్నాళ్ళు వాడితే బోల్ట్, దాని వెనక దెబ్బని ఆపే బఫర్ అనే మెత్త దెబ్బలు తింటాయి, నీరసించిన స్ప్రింగ్ మాత్రం అలాగే లోపల దాక్కుని ఉంటుంది.

ఈ మూడూ ఒకేసారి బాగుచేయించి ఉంటే పని త్వరగా అయ్యేదే. కానీ ఒక్కటి మార్చి, కొన్ని బాక్సులు కాల్చి, నోట్‌బుక్ చూసుకున్నాకే రెండోదానికి వెళ్ళమని సర్ పట్టుబట్టారు. దిగుమతి తూటాల ధరకి ఇది చేదుగానే ఉంది. అయినా ఈరోజు ఏ జామ్ దేనివల్ల పోయిందో నేను గట్టిగా చెప్పగలుగుతున్నాను. డ్రై ప్రాక్టీస్‌కి ఇప్పుడు చాంబర్‌లో ప్లాస్టిక్ డమ్మీ పెట్టుకుంటున్నాను. రాపిడ్ సిరీస్‌లు సాఫీగా సాగుతున్నాయి. అప్పుడప్పుడు ఒక తూటా పేలకపోవడం ఉంది, కానీ పిన్ గుర్తు లోతుగా పడి కూడా పేలకపోతే అది తూటా తప్పు, పిస్టల్‌ది కాదు.

మూడు చుక్కల మ్యాగజైన్‌ని పెదవులు నొక్కి సరిచేయించవచ్చు. సర్ వద్దని అడిగి తీసుకున్నారు. జూనియర్లకి చెప్పకుండా దాన్ని ఇచ్చి రాపిడ్ సిరీస్ మొదలుపెడతారు. అది ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. పిల్ల చెయ్యి బోల్ట్ మీదికి పోయిందంటే వెనక నుంచి కేక పడుతుంది. పోటీలో పిస్టల్ ఆగితే గొట్టం టార్గెట్ వైపే ఉంచి, పట్టు వదలకుండా, ఖాళీ చెయ్యి పైకెత్తి రేంజ్ ఆఫీసర్‌ని పిలవాలి. ఆయన వచ్చి చూడకముందే బోల్ట్ ముట్టుకుంటే, అసలు తప్పు పిస్టల్‌దే అయినా ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నియమాల ప్రకారం ఆ మొరాయింపుని అనుమతించరు. కాల్చకుండా మిగిలిన షాట్లన్నీ సున్నాలుగా పడతాయి.